కొత్త కీబోర్డు కొనే ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి

“వైర్‌లెస్ కీబోర్డు పోయిందండీ, వచ్చేటప్పుడు కొత్తది తీసుకురండి.” ఈ వారంలో ఇలాంటి ఫోను ఇది నాలుగోది. నాలుగిళ్లలో మూడింట కీబోర్డు నిక్షేపంలా ఉంది. హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి 14 ఏళ్లయింది. జనం డబ్బు ఎక్కువగా తగలేసేది ఈ ఒక్క అపోహ మీదే: అక్షరాలు మింగుతోందంటే కీబోర్డు చెడిపోయినట్టే అని.

మల్కాజిగిరిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. నన్ను పిలిచేనాటికే ఆయన ఆరు నెలల్లో మూడు కీబోర్డులు కొన్నారు. పాత రెండూ పెట్టెలతో సహా బీరువా మీద ఉన్నాయి. “నమస్కారం అని కొడితే నమకారం అని పడుతోంది బాబూ. వేళ్లకు వణుకు వచ్చిందేమో, డాక్టరుకు చూపించుకుందామనుకుంటున్నాను” అన్నారు. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది.

బల్ల కిందికి వంగి చూశాను. సీపీయూ వెనక నీలం రంగు పోర్టులో డాంగిల్ (కీబోర్డు సంకేతాలు అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క), దాన్ని ఆనుకుని ఉన్న ఇంకో నీలం పోర్టులో మనవరాలి ఫొటోల హార్డ్ డిస్కు. హార్డ్ డిస్కు తీసేసి, “ఇప్పుడు కొట్టండి సార్” అన్నాను. నమస్కారం పూర్తిగా పడింది. మళ్లీ పెట్టి ఫొటోలు కాపీ చేయడం మొదలుపెట్టగానే ‘స’ మాయం.

నీలం పోర్టు అంటే సాధారణంగా యూఎస్‌బీ 3.0. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పరుగెడుతున్నప్పుడు ఆ పోర్టూ, వైరూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. మన కీబోర్డు డాంగిల్‌తో మాట్లాడేదీ అక్కడే. బారాత్ బ్యాండు పక్కన నిలబడి గుసగుసలాడితే ఎవరికి వినిపిస్తుంది? ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. దానికి తోడు డాంగిల్‌కూ కీబోర్డుకూ మధ్య ఇనుప డబ్బా అడ్డం. పెట్టె మీద పది మీటర్లని రాసి ఉండవచ్చు, కానీ అది అడ్డేమీ లేనప్పటి లెక్క.

మందు తేలిక. డాంగిల్‌ను నల్లటి యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చండి. చాలకపోతే మీటరు పొడవు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ను బల్ల మీదికి లాగండి. నలుగురైదుగురు ఇరానీ చాయ్ తాగినంత ఖర్చు. మాస్టారికి చేసిందల్లా ఇంతే. బీరువా మీది కీబోర్డుల్లో ఒకటి బలవంతంగా నా చేతిలో పెట్టారు, ఇప్పటికీ మా అబ్బాయి వాడుతున్నాడు.

ఇక వైరస్ అని, విండోస్ ఫార్మాట్ చేయాలని భయపెట్టేవాళ్లు. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో గానీ వినీ వినీ విసుగొచ్చింది. ఆ కీబోర్డును డాంగిల్‌తో సహా ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడకుండా ఫార్మాట్ మాటెత్తేవారికి మీ ఫొటోలు అప్పగించకండి.

డాంగిల్ పోతే ఏదో ఒకటి తెచ్చి పెడితే సరిపోదు. చాలా కీబోర్డులకు దానితో వచ్చిందే జత. లాజిటెక్ కంపెనీ యూనిఫైయింగ్ రిసీవర్ అనే డాంగిల్ తనకు సరిపడే పరికరాలను ఆరింటి వరకు కలుపుకుంటుంది గానీ, అదే కంపెనీ బోల్ట్ అనే ఇంకో రకం కీబోర్డుకు అది పనికిరాదు. గోడ గడియారంలోంచి తీసిన సెల్లు వేసి “కొత్త సెల్లే వేశానండీ” అనకండి. కుడివైపు షిఫ్ట్ మీద పుస్తకం ఎనిమిది సెకన్లు ఆనితే విండోస్ ఫిల్టర్ కీస్ పెట్టమంటారా అని అడుగుతుంది. చూడకుండా సరేనంటే ఆ తర్వాత టకటకా కొట్టిన అక్షరాలేవీ పడవు, ఆపేస్తే మామూలే.

బ్లూటూత్ కీబోర్డుకు డాంగిల్ గొడవ లేదు, కానీ మొదట జత కలపాలి. మొన్న నాచారం నుంచి ఒక పెద్దావిడ ఫోను చేశారు. “అమ్మా, తెర మీద ఆరంకెల నంబరు వచ్చిందా?” అని అడిగాను. “వచ్చింది నాయనా, కానీ చెప్పను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వాళ్లు మరీమరీ చెప్పారు” అన్నారు. నాకు చెప్పనే వద్దని, దాన్ని ఆ కొత్త కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. కాసేపు నిశ్శబ్దం. “కలిసింది” అన్నారు. నంబరు మాత్రం చివరిదాకా చెప్పలేదు.