నూటపదకొండేళ్ల సంఘం కేక

2019 జనవరి. సౌత్ కరోలినా రాష్ట్రం, కొలంబియా నగరంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి మహిళల సంఘం విందు. అధ్యక్ష పదవికి అప్పుడే బరిలోకి దిగిన కమలా హారిస్ మైకు ముందు నిలబడి తన గులాబీ, ఆకుపచ్చ అక్కచెల్లెళ్ల మాట ఎత్తారు. వెంటనే హాల్లో సన్నటి గొంతులు ఒక్కసారిగా 'స్కీ-వీ' అంటూ లేచాయి. ఆ సంఘం వాళ్ల గుర్తు కేక అది. అక్కడున్న ఒక విలేకరి 'కీచుమని అరిచారు, దాన్నేమంటారో మరి' అనే ధోరణిలో ట్వీట్ చేసి సోషల్ మీడియాలో బాగా చివాట్లు తిన్నారు. తెలియకపోవడం తప్పేమీ కాదు. కానీ దేశ రాజకీయాలు రాసే మనిషికి నూటపదకొండేళ్ల వయసున్న సంఘం కేక కొత్తగా తోచడమే వింత.

వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం 1867లో, అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకు మొదలైంది. అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థి సంఘాలుంటాయి. తెల్లవాళ్ల సంఘాల్లోకి నల్లజాతి పిల్లలను రానిచ్చేవారు కాదు. దాంతో 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు అబ్బాయిలు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. 1908 జనవరి 15న హోవర్డ్ అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. నల్లజాతి మహిళల గ్రీకు అక్షరాల సంఘాల్లో ఇదే మొదటిది. దీని రంగులు లేత గులాబీ, ఆకుపచ్చ. ఇరవైమంది వ్యవస్థాపకులకు గుర్తుగా ఇరవై ముత్యాలు. గులాబీ అనగానే మనకు ఒక పార్టీ కండువా గుర్తొస్తుంది గానీ అక్కడ ఆ రంగు ఏ పార్టీదీ కాదు. ఇలాంటి సంఘాలు ఇప్పుడు తొమ్మిది, కలిపి 'డివైన్ నైన్' అంటారు. వాటిలో ఐదు హోవర్డ్‌లోనే పుట్టాయి.

అసలు కిటుకు వేరే ఉంది. డిగ్రీ చేతికొచ్చినా ఈ సభ్యత్వం పోదు. యాభై ఏళ్లు దాటిన టీచరమ్మకూ డాక్టరమ్మకూ ఊళ్లో ఒక శాఖ ఉంటుంది, మీటింగ్ ఉంటుంది, చందా ఉంటుంది. రాజకీయాల్లో పనికొచ్చింది ఆ చందా పుస్తకమే. రంగులూ కేకలూ దానికి పైమెరుగు.

ఆల్ఫా కప్పా ఆల్ఫా నుంచి విడిపోయిన 22 మంది అమ్మాయిలు 1913 జనవరిలో డెల్టా సిగ్మా థీటా పెట్టారు. రెండు నెలలైనా గడవకముందే, మార్చి 3న, వాషింగ్టన్‌లో జరిగిన మహిళా ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. అది వుడ్రో విల్సన్ ప్రమాణ స్వీకారానికి ముందు రోజు. నల్లజాతి మహిళలు వెనక వరసల్లో నడిస్తే చాలనే మాట నిర్వాహకుల నుంచే వచ్చింది. అయినా వాళ్లు జెండా పట్టుకుని వెళ్లారు.

నాకు అంతకన్నా గట్టిగా పట్టుకునేది మిసిసిపీ కథ. 1930లలో ఆల్ఫా కప్పా ఆల్ఫా డాక్టర్లు, నర్సులు, టీచర్లు డాక్టర్ డొరతీ ఫెరెబీ నాయకత్వంలో వేసవి సెలవుల్లో అక్కడి పత్తి పొలాలకు వెళ్లారు. క్లినిక్ తెరిచారు. కూలీలను పొలం దాటనివ్వం అన్నారు భూస్వాములు. సరే, అని వీళ్లు కార్లలోకి మందులూ సూదులూ ఎక్కించి పొలాల మధ్యకే పోయారు. పిల్లలకు డిఫ్తీరియా, మశూచి టీకాలు వేశారు. 1938లో వాషింగ్టన్‌లో ఒక మండలి పెట్టి, చట్టసభ సభ్యుల వెంటపడి పౌరహక్కుల గురించి అడగడం మొదలుపెట్టారు.

తర్వాతి పేర్లు చాలామంది విన్నవే. మార్టిన్ లూథర్ కింగ్, సుప్రీంకోర్టు జడ్జి థర్‌గుడ్ మార్షల్ ఆల్ఫా ఫై ఆల్ఫా వాళ్లు. 1972లో అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ టికెట్ కోసం పోటీపడిన షర్లీ చిషోమ్ డెల్టా. అయితే అందరూ వీటిని నెత్తిన పెట్టుకోలేదు. చదువుకున్నవాళ్ల కులం లాంటిది తయారవుతోందన్న విమర్శ నల్లజాతిలోనే ఉంది. హోవర్డ్‌లో పాఠాలు చెప్పిన సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1950లలోనే నల్లజాతి మధ్యతరగతి ఆర్భాటాన్ని ఎండగట్టాడు. ఆ విమర్శలో పస ఉంది. కాలేజీ గడప తొక్కనివాళ్లకు ఈ అక్కచెల్లెళ్ల వరసలో చోటు ఎక్కడ?

హారిస్ 1986లో హోవర్డ్‌లో చదువుతూ ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరారు. తల్లి శ్యామల చెన్నై అమ్మాయి, తండ్రి జమైకా మనిషి. కూతురు తన రాజకీయ బంధుత్వాన్ని కలుపుకున్నది ఇక్కడ. 2020 ఆగస్టులో ఉపాధ్యక్ష అభ్యర్థిగా పేరు ప్రకటించాక ఎన్నికల నిధికి వచ్చే విరాళాల్లో ఒక వింత మొత్తం పదేపదే కనిపించింది: 19.08 డాలర్లు. సంఘం పుట్టిన ఏడాదన్నమాట. 2021 జనవరి 20న ఆమె ముత్యాలు వేసుకుని ప్రమాణం చేశారు. దేశంలో ఎందరో ఆడవాళ్లు ఆ రోజు ముత్యాల దండలు తీసి వేసుకున్నారు.

2024 జులై 21న బైడెన్ అధ్యక్ష పోటీ నుంచి తప్పుకున్నారు, ఆ చోట హారిస్ నిలబడ్డారు. మూడు రోజులకే ఆమె ఇండియానాపొలిస్‌లో ఉన్నారు, మరో సంఘం జీటా ఫై బీటా మహాసభలో. ఈ సంఘాలు ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించవు. ఓటర్లను నమోదు చేయిస్తాయి, పోలింగ్‌కు రప్పిస్తాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా మాత్రం ఆ ఏడాది విడిగా ఒక రాజకీయ నిధి కమిటీ పెట్టింది.

నవంబర్ 5 రాత్రి హోవర్డ్ మైదానం జనంతో నిండింది. ఆమె రాలేదు, అర్ధరాత్రి దాటాక జనం ఇళ్లకు మళ్లారు. మర్నాడు సాయంత్రం అక్కడే, తను చదువుకున్న చోటే, ఓటమిని అంగీకరిస్తూ మాట్లాడారు.