పెండ్లి ప్రకటన వెనుక ఉన్న చరిత్ర

విశాఖపట్నం పాతనగరంలోని క్రైస్తవ దేవాలయాల్లో ఆదివారం ఆరాధన చివర గురువుగారు ఒక కాగితం తీసి, ఫలానా వారి కుమారుడికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందని, దీనికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా తెలిసి ఉంటే తెలియజేయాలని చదువుతారు. వరుసగా మూడు ఆదివారాలు వినిపించే ఈ పెండ్లి ప్రకటన మనకు అలవాటైపోయి లాంఛనంగా తోస్తుంది గాని, క్రైస్తవ విశ్వాసం వివాహాన్ని ఏమని అర్థం చేసుకున్నదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించదు.

మూలం ఆదికాండము రెండవ అధ్యాయంలో ఉంది. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను ‘హత్తుకొనును’ అని తెలుగు బైబిలు చెబుతుంది. విడాకుల గురించి పరిసయ్యులనే యూదు మతశాఖవారు ప్రశ్నించినప్పుడు యేసు ఈ వాక్యాన్నే గుర్తుచేసి, దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదన్నాడు. పౌలు ఎఫెసీయులకు రాస్తూ భార్యాభర్తల బంధాన్ని క్రీస్తుకూ సంఘానికీ ఉన్న బంధంతో పోల్చి, ‘ఈ మర్మము గొప్పది’ అన్నాడు. అక్కడి ‘మిస్టేరియన్’ అనే గ్రీకు మాట లాటిన్ బైబిలులో ‘సాక్రమెంటుమ్’ అయింది. దేవుని కృపను అందించే పవిత్ర కర్మకు, అంటే దివ్య సంస్కారానికి, లాటిన్‌లో పేరు కూడా అదే. వివాహం దివ్య సంస్కారమా, కాదా అనే వాదంలో తరవాతి శతాబ్దాలన్నీ ఈ మాట చుట్టూనే తిరిగాయి.

క్రీ.శ. 401 ప్రాంతంలో బిషప్పూ వేదాంతీ అయిన అగస్టీను వివాహంలోని మేళ్లను మూడుగా చెప్పాడు: పరస్పర విశ్వసనీయత, సంతానం, విడదీయరాని పవిత్ర బంధం. అయితే పెండ్లి ఎక్కడ, ఎవరి ఎదుట జరగాలనే నియమం లాటిన్ సంఘంలో, అంటే రోము పోపు కింది పాశ్చాత్య క్రైస్తవ సంఘంలో, చాలాకాలం గట్టిగా లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే చాలు, అది వివాహమే. దానితో రహస్య వివాహాలు పెరిగాయి. ఏకాంతంలో మాట ఇచ్చి, ఆ తరవాత అసలు ఇవ్వనేలేదని బొంకితే నిరూపించుకోలేక అన్యాయమైపోయింది ఎక్కువగా స్త్రీలే. 1215లో సంఘ పెద్దలు రోములో జరిపిన నాలుగవ లాటరన్ మహాసభ పెండ్లి ప్రకటనలను తప్పనిసరి చేసింది. 1563లో ట్రెంటు మహాసభ, విచారణ గురువు (ఆ ప్రాంతపు గుడి గురువు), ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే వివాహం చెల్లదని, దాన్ని పుస్తకంలో నమోదు చేయాలని శాసించింది. అంటే ఈనాటి ప్రకటన, సాక్షుల సంతకాలు ఆడంబరం కోసం పుట్టలేదు. ఇచ్చిన మాటకు కాపలాగా పుట్టాయి.

ఈలోగా 1520లో, ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథరు వివాహం సంస్కారం కాదని వాదించాడు. అంతమాత్రాన దాని విలువ తగ్గించలేదు. 1525లో మఠం విడిచివచ్చిన కాథరీనాను పెండ్లాడి, 1529లో ఇంటిపెద్ద తన కుటుంబానికి విశ్వాసాన్ని బోధించడానికి వీలుగా చిన్న ప్రశ్నోత్తర గ్రంథం రాశాడు. మన ఇళ్లలో రాత్రి భోజనానికి ముందు జరిగే కుటుంబ ప్రార్థనకు ఆ ఆలోచనతో దగ్గరి చుట్టరికం ఉంది.

కతోలిక, ప్రొటెస్టెంటు ధారలు రెండూ విశాఖకు వేరువేరుగా వచ్చాయి. 1805లో ప్రొటెస్టెంటుల లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇక్కడ దిగి, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయరు సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన మూడు సువార్తల్లో మత్తయి ఒకటి, యేసు వివాహం గురించి చెప్పిన మాట అందులో ఉంది. 1846లో కతోలికుల ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చారు. అందుకే ఒకే ఊళ్లో కతోలికులు ‘జ్ఞానవివాహం’ అంటే ప్రొటెస్టెంటులు ‘పరిశుద్ధ వివాహం’ అంటారు, వారు సంస్కారమంటే వీరు నిబంధన అంటారు. శిలువ గుర్తున్న తాళిబొట్టు మాత్రం ఇరువైపులా కనిపిస్తుంది.

1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం క్రైస్తవ పద్ధతిలో జరిగే పెండ్లికి చట్టబలమిచ్చింది. 1869 నాటి విడాకుల చట్టం మాత్రం స్త్రీకి అన్యాయం చేసింది: భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే కారణంగా సరిపోగా, భార్య దానికి తోడు క్రూరత్వమో పరిత్యాగమో కూడా రుజువు చేయవలసి వచ్చేది. ఈ తేడా 2001 సవరణతో గాని పోలేదు. పరస్పర అంగీకారంతో విడాకులకు వీలు కలిగిందీ అప్పుడే. అయినా కోర్టు విడదీసిన జంటను కతోలిక సంఘం భార్యాభర్తలుగానే చూస్తుంది. ఆ వివాహం మొదటినుంచే చెల్లలేదని పీఠ న్యాయస్థానం, అంటే బిషప్పు కింది సంఘ న్యాయస్థానం, తేల్చితే తప్ప మరో పెండ్లి గుడిలో జరగదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో కొన్ని పునర్వివాహానికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

చెల్లుబాటును తేల్చేటప్పుడు అడిగే ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి, ఆనాటి అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్నది. లాటిన్ కతోలిక బోధ ప్రకారం ఈ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే; గురువు సంఘం తరఫున ఆ అంగీకారాన్ని అడిగి స్వీకరిస్తాడు. తాళి కట్టేది ఆ మాట పూర్తయ్యాకే. అందుకే పెండ్లికి ముందు గురువుగారు అమ్మాయిని, అబ్బాయిని వేరువేరుగా కూర్చోబెట్టి, ఎవరి బలవంతమైనా ఉందా అని అడుగుతారు. కార్డులు అచ్చయి, మండపానికి అడ్వాన్సు కట్టాక, గుమ్మం బయట తల్లిదండ్రులు ఎదురుచూస్తుండగా ఆ ప్రశ్న వినే అమ్మాయికి కాదనే అవకాశం ఎంత మిగిలి ఉంటుంది? ఆ సంభాషణ నిశ్చితార్థానికి ముందే జరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.