ఫైల్ సిస్టమ్ సృష్టి: అపోహలు - వాస్తవాలు

లైనక్స్‌లో డిస్కుపై ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్లను అమర్చిపెట్టే ఏర్పాటును, సృష్టించే ఎమ్‌కేఎఫ్‌ఎస్ (mkfs) కమాండు కొన్ని సెకన్లలో ముగుస్తుంది కాబట్టి దానిలో ఆలోచించవలసిందేమీ లేదని చాలామంది అనుకుంటారు. సర్వర్ల నిర్వహణలో నాకు ఎదురైన చిక్కులలో చాలావాటికి మూలం ఆ కొన్ని సెకన్లలోనే ఉంది.

అపోహ: ఖాళీ స్థలం ఉన్నంతవరకు కొత్త ఫైళ్లు రాయవచ్చు.

వాస్తవం: ఈఎక్స్‌టీ4 (ext4) అనే ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ (ఫైలు వివరాలను ఉంచే నమోదు) కావాలి, వాటి సంఖ్య ఫైల్ సిస్టమ్‌ను సృష్టించినప్పుడే ఖరారవుతుంది. సాధారణంగా 16,384 బైట్లకు ఒకటి చొప్పున లెక్క వేస్తారు గనుక, 100 జీబీ వాల్యూమ్‌కు (ఫైల్ సిస్టమ్ ఉండే డిస్కు భాగానికి) 60 లక్షలకు పైగా ఐనోడ్లు వస్తాయి. ఇవి చాలా ఎక్కువగానే కనిపిస్తాయి. అయితే ఒక్కొక్కటి 4 కేబీ ఉండే చిన్న ఫైళ్లతోనే దానిని నింపితే, నాలుగో వంతు నిండేసరికే ఐనోడ్లు అయిపోతాయి. ఒకసారి ఇలాంటి సర్వర్‌లోనే స్థలం లెక్క చూపే ‘డీఎఫ్ -హెచ్’ (df -h) కమాండు బోలెడంత ఖాళీ చూపిస్తూండగా ప్రోగ్రాము మాత్రం స్థలం లేదని మొరాయించింది. ఐనోడ్ల లెక్క చూపే ‘డీఎఫ్ -ఐ’ (df -i) కొట్టాక గాని 100 శాతం అన్న అంకె కంటపడలేదు. వాల్యూమ్‌ను పెంచకుండా ఐనోడ్లను పెంచే వీలు లేదు. చిన్న ఫైళ్లు కోట్లలో వస్తాయని ముందే తెలిస్తే సృష్టించేటప్పుడే ‘-ఐ’ (చిన్న అక్షరం i) ఆప్షన్‌తో ఎన్ని బైట్లకు ఒక ఐనోడ్ అన్న నిష్పత్తిని మార్చాలి, లేదా అవసరాన్ని బట్టి ఐనోడ్లను కేటాయించుకునే ఎక్స్‌ఎఫ్‌ఎస్ (XFS) అనే మరో ఫైల్ సిస్టమ్‌ను ఎంచుకోవాలి.

అపోహ: కొత్త ఫైల్ సిస్టమ్ వేస్తే పాత డేటా పూర్తిగా చెరిగిపోతుంది.

వాస్తవం: హార్డ్ డిస్కుపై ఈ కమాండు సూపర్‌బ్లాకు (ఫైల్ సిస్టమ్ మొత్తం వివరాలుండే భాగం) వంటి నిర్వహణ సమాచారాన్నే రాస్తుంది, పాత ఫైళ్లలోని విషయం చాలావరకు అక్కడే ఉండిపోతుంది. ఎస్‌ఎస్‌డీల తీరు వేరు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లను సృష్టించే సాధనాలు రెండూ మనం చెప్పకపోయినా బ్లాకులను డిస్కార్డ్ చేయిస్తాయి (అందులోని డేటా ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి చెబుతాయి) గనుక, పొరపాటు జరిగాక డేటా తిరిగి దక్కే అవకాశం చాలా తక్కువ.

అపోహ: నిన్న ఎస్‌డీబీ (sdb) అన్న పేరుతో ఉన్న డిస్కు నేడూ ఎస్‌డీబీయే.

వాస్తవం: ఆ పేర్లు కెర్నల్ (లైనక్స్ మూల భాగం) డిస్కులను గుర్తించిన వరుసను బట్టి వస్తాయి, రీబూట్‌తో మారవచ్చు. అందుకే ముందు డిస్కులనూ వాటిపైని ఫైల్ సిస్టమ్‌లనూ చూపే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్’ (lsblk -f)తో సరిచూసుకోవాలి, మౌంట్ చేయవలసినవాటి జాబితా అయిన ఎఫ్‌ఎస్‌టాబ్ (fstab) ఫైలులో ఆ పేరుకు బదులు యూయూఐడీని (ఫైల్ సిస్టమ్‌కు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను) రాయాలి. పాత ఫైల్ సిస్టమ్ కనిపిస్తే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను సృష్టించే సాధనం, బలవంతంగానైనా రాయమనే ‘-ఎఫ్’ (-f) ఆప్షన్ లేనిదే ముందుకు సాగదు. స్క్రిప్టులో దానిని అలవాటుగా చేర్చేవారు ఆ కాపలాను తామే తొలగించుకుంటున్నారు.

ఈఎక్స్‌టీ4 దాచిపెట్టే 5 శాతం స్థలం వృథా అన్న మాట సగమే నిజం: రూట్ వినియోగదారు (సర్వాధికారాలున్న నిర్వాహకుడు) కోసం ఉంచిన ఆ వాటాను ‘ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్’ (tune2fs -m) కమాండుతో తరువాతైనా తగ్గించవచ్చు. పరిమాణం సంగతి అలా కాదు. ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి (వాడుకలోంచి విడదీసి) కుదించవచ్చు గాని, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను ఆ విధంగా కుదించలేము. బ్యాకప్ తీసి, చిన్న వాల్యూమ్‌పై మళ్లీ సృష్టించుకోవలసిందే.