తాళం తీయడమే నేరమైన కథ: డిజిటల్ కాపీరైట్ చట్టం ఎక్కడినుంచి వచ్చింది?

2009 మే నెలలో అమెరికా కాపీరైట్ ఆఫీసు జరిపిన ఒక విచారణలో హాలీవుడ్ స్టూడియోల సంఘం ఎంపీఏఏ చిన్న వీడియో ఒకటి చూపించింది. టీవీలో సినిమా నడుస్తూ ఉంటుంది. దాని ఎదురుగా కెమెరా పెట్టి, తెరమీద కనిపించేది రికార్డు చేస్తూ ఉంటారు. క్లాసులో చూపించడానికి సినిమా ముక్క కావాల్సిన ప్రొఫెసర్లు డీవీడీలోంచి దాన్ని కాపీ చేసుకోనక్కర్లేదు, ఇలా తీసుకుంటే సరిపోతుంది కదా అన్నది వాళ్ల వాదన. థియేటర్లలోకి కెమెరాలు రాకుండా ఏళ్ల తరబడి పోరాడిన సంఘమే దగ్గరుండి ఈ విద్య నేర్పడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ చట్టం ప్రకారం చూస్తే వాళ్లన్నదాంట్లో తప్పేమీ లేదు. పాఠం కోసం సినిమా ముక్క వాడుకోవడం నేరం కాదు. కాపీ కాకుండా డీవీడీకి వేసిన డిజిటల్ తాళం తీయడం మాత్రం నేరం.

ఇంత వింత పరిస్థితి 1998లో వచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, అంటే డీఎంసీఏ వల్ల వచ్చింది. అందులోని 1201వ సెక్షన్‌కు ముందు కోర్టుకెక్కిన ప్రతి కాపీరైట్ గొడవలోనూ అడిగే ప్రశ్న ఒకటే: ఎవరి సొత్తు ఎంత తీసుకున్నావు, దాంతో ఏం చేశావు? 1201 వచ్చాక దానికంటే ముందు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది: అసలు తాళం ఎందుకు తీశావు? హక్కుదారుడికీ జనానికీ మధ్య గీత ఎక్కడ ఉండాలో తేల్చే పని జడ్జీల దగ్గర్నుంచి తాళాలు తయారుచేసేవాళ్ల చేతికి పోయింది. ఇప్పటికీ నడుస్తున్న గొడవలన్నిటికీ మూలం ఇదే అని నా అభిప్రాయం.

అసలు కాపీరైట్ అనేదే ఒక బేరం. బ్రిటన్‌లో 1710లో వచ్చిన మొదటి చట్టం పేరులోనే ‘విద్యను ప్రోత్సహించేందుకు’ అని ఉంది. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు హక్కు, ఆ గడువు తీరేసరికి రచయిత బతికుంటే ఇంకో 14 ఏళ్లు. ఆ తర్వాత పుస్తకం అందరిదీ. అమెరికా 1790లో ఇదే లెక్క తీసుకుంది. ఇప్పుడక్కడ రచయిత జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు. ఆ చివరి 20 ఏళ్ల పొడిగింపు మీద సంతకం పడింది 1998 అక్టోబర్ 27న. డీఎంసీఏ మీద సంతకం ఆ మర్నాడే. జనం వాటా రెండు రోజుల్లో రెండు వైపులనుంచీ తగ్గిందన్నమాట.

కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఈ బేరం మళ్లీ మొదటికొచ్చేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తనంతట తానే వాయించే పియానోలు వచ్చాయి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట లోపల పెడితే పాట పలుకుతుంది. స్వరకర్తలు, సంగీత ప్రచురణకర్తలు తమ పాటలు దోచుకుంటున్నారని మొత్తుకున్నారు. ఆ చుట్టను మనిషి చదవలేడు కాబట్టి అది కాపీయే కాదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. మరుసటి ఏడాదే చట్టసభ రంగంలోకి దిగి మధ్యేమార్గం కనిపెట్టింది. స్వరకర్త ఒకసారి ఒకరికి అనుమతిస్తే ఆ తర్వాత ఎవరైనా ఆ పాట చుట్టలు చేసుకోవచ్చు, కాకపోతే ఒక్కోదానికి 2 సెంట్లు కట్టాలి. యంత్రాన్ని ఎవరూ నిషేధించలేదు, పాట మొత్తాన్ని ఒకే కంపెనీ గుప్పిట్లోనూ పెట్టలేదు. పాతకాలపు పరిష్కారాల్లో నాకు ఇది చాలా తెలివైనదిగా అనిపిస్తుంది.

వీసీఆర్ కథ ఇంకాస్త పెద్దది. సోనీ 1975లో బీటామ్యాక్స్ అనే వీసీఆర్ తెచ్చింది, 1976లోనే యూనివర్సల్, డిస్నీ కలిసి కేసు వేశాయి. టీవీలో వచ్చే సినిమాలను జనం ఇంట్లో రికార్డు చేసుకుంటున్నారు కాబట్టి ఆ యంత్రం అమ్మిన సోనీయే దోషి అన్నారు. కింది కోర్టులో సోనీ గెలిచింది. 1981లో అప్పీలు కోర్టులో ఓడింది. 1982లో ఎంపీఏఏ అధ్యక్షుడు జాక్ వాలెంటీ చట్టసభ కమిటీ ముందుకొచ్చి, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి బోస్టన్ స్ట్రాంగ్లర్ ఎలాంటివాడో అమెరికా సినిమా నిర్మాతకు, ప్రజలకు వీసీఆర్ అలాంటిదని అన్నాడు. బోస్టన్ స్ట్రాంగ్లర్ అంటే అక్కడ వరసగా ఆడవాళ్లను గొంతు నులిమి చంపిన హంతకుడికి పెట్టిన పేరు.

సుప్రీంకోర్టు ఈ కేసులో వాదనలు రెండుసార్లు విని 1984 జనవరి 17న తీర్పు చెప్పింది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఇప్పుడు వచ్చే కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని తీరిగ్గా చూసుకోవడం ఫెయిర్ యూజ్, అంటే హక్కుదారుడి అనుమతి లేకుండానే చేసుకోదగ్గ న్యాయమైన వాడకం కిందకే వస్తుందన్నారు. న్యాయమైన పనులకు గణనీయంగా పనికొచ్చే యంత్రాన్ని, కొందరు తప్పుడు పనికి వాడతారన్న కారణంతో ఆపలేమన్నారు. పిల్లల కార్యక్రమాల ద్వారా అమెరికాలో ఇంటింటికీ తెలిసిన ఫ్రెడ్ రోజర్స్, తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుంటే తనకేమీ అభ్యంతరం లేదని కింది కోర్టులో చెప్పిన సాక్ష్యం తీర్పు ఫుట్‌నోట్‌లో కనిపిస్తుంది. ఆ కేసు విన్న జడ్జీల్లో ఒకరైన జస్టిస్ మార్షల్ చనిపోయాక బయటపడిన కాగితాలను బట్టి చూస్తే, మొదట్లో మెజారిటీ సోనీకి వ్యతిరేకంగానే ఉంది. లోపల తర్జనభర్జనలు నడిచి మధ్యలో తిరగబడింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇంటింటికీ వీసీఆర్ వచ్చేదో కాదో. స్టూడియోలు హంతకుడితో పోల్చిన ఆ యంత్రమే తర్వాత క్యాసెట్ల అమ్మకాలు, అద్దెల రూపంలో వాటికి కాసులు కురిపించింది.

ఇంటర్నెట్ వచ్చేసరికి హక్కుదారులు ఇంకో జూదానికి సిద్ధంగా లేరు. వాళ్ల భయం ఉత్తుత్తిది కాదు. క్యాసెట్‌ను కాపీ చేస్తే బొమ్మ మసకబారుతుంది. డిజిటల్ ఫైలుకు ఆ బాధ లేదు, వెయ్యో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. 1995లో క్లింటన్ ప్రభుత్వం తరఫున బ్రూస్ లీమన్ నాయకత్వంలో వచ్చిన శ్వేతపత్రం, డిజిటల్ తాళాలకు చట్టం కాపలా ఉండాలంది. దానిమీద పెట్టిన బిల్లులు లైబ్రరీలు, టెలిఫోన్ కంపెనీలు, ఎలక్ట్రానిక్స్ తయారీదారులు అడ్డం పడటంతో ముందుకు కదల్లేదు. ఇంట్లో గెలవలేని వాదాన్ని అమెరికా ప్రతినిధులు 1996 డిసెంబర్‌లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు పట్టుకెళ్లారు. అక్కడ కుదిరిన ఒప్పందం, తాళాలకు ‘తగిన రక్షణ’ ఇవ్వాలని మాత్రమే చెప్పింది. ఎంత అన్నది ఆయా దేశాలకే వదిలేసింది. ఆ ఒప్పందాన్ని చేత్తో పట్టుకుని వెనక్కొచ్చి, ఇప్పుడు చట్టం చెయ్యక తప్పదన్నారు. దొడ్డిదారే, కానీ పక్కాగా పనిచేసింది.

అలా పుట్టిన 1201లో రెండు నిషేధాలున్నాయి. ఒకటి, రచనకు వేసిన తాళాన్ని తప్పించుకుని లోపలికి వెళ్లడం. రెండోది, అలా వెళ్లడానికి పనికొచ్చే పనిముట్లు తయారుచేయడం, అమ్మడం, పంచడం. డబ్బు సంపాదన కోసం కావాలని చేస్తే మొదటిసారికే అయిదేళ్ల జైలు, 5 లక్షల డాలర్ల జరిమానా దాకా పడొచ్చు. ఫెయిర్ యూజ్ హక్కుకు ఈ సెక్షన్ భంగం కలిగించదని అందులోనే ఒక వాక్యం కూడా రాశారు. కానీ ఆ హక్కు వాడుకోవాలంటే ముందు తాళం తీయాలి, అది నేరం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు అనేది సరిగ్గా ఇలాంటి వాటి గురించే.

ఈ సంగతి అప్పుడే పసిగట్టిన ప్రతినిధుల సభ వాణిజ్య కమిటీ ఒక రక్షణ కవాటం పెట్టించింది. మూడేళ్లకోసారి విచారణ జరిపి, ఎవరెవరి న్యాయమైన పనులు తాళాల వల్ల ఆగిపోతున్నాయో చూసి, వాళ్లకు మినహాయింపు ఇవ్వాలి. సిఫార్సు కాపీరైట్ ఆఫీసుది, సంతకం లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్‌ది, అంటే అమెరికా చట్టసభ గ్రంథాలయ అధిపతిది. కాగితం మీద బాగానే ఉంది. 2000లో జరిగిన మొదటి విచారణలో దొరికినవి రెండే మినహాయింపులు. పైగా ప్రతిదానికీ మూడేళ్లే ఆయుష్షు. గడువు తీరగానే అడిగేవాళ్లు మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాల్సి వచ్చేది.

చూపులేనివాళ్ల సంగతి తీసుకోండి. డబ్బులు పెట్టి కొన్న ఈబుక్‌ను కంప్యూటర్ చేత చదివించుకుని వినాలంటే, ఆ సౌకర్యాన్ని తాళం ఆపేస్తే దాన్ని దాటాలి. ఇందుకు 2003లో మినహాయింపు వచ్చింది. 2010 వచ్చేసరికి సాక్ష్యాలు చాలవు, కొనసాగించొద్దని కాపీరైట్ ఆఫీసే సిఫార్సు చేసింది. లైబ్రేరియన్ ఆ మాట పక్కన పెట్టి ఇచ్చారు కాబట్టి బతికింది. కొన్న పుస్తకం చదువుకోవడానికి మూడేళ్లకోసారి వకీళ్లను పెట్టుకుని దరఖాస్తు చేసుకోవాలా? అభ్యంతరాలు లేని పాత మినహాయింపులను చిన్న ఫారంతో పొడిగించే పద్ధతి 2018 విచారణకు గానీ రాలేదు.

ఇంకో మెలిక ఉంది. ఈ మినహాయింపు తాళం తీసే పనికే, తీసే పనిముట్టుకు కాదు. నీ డీవీడీ నువ్వు తెరుచుకోవచ్చు, కానీ తెరిచే సాఫ్ట్‌వేర్ నీకు ఎవరైనా అమ్మితే వాళ్లు నేరస్తులు. దీన్ని ఎవరైనా సమర్థిస్తే వినాలని ఉంది.

తాళం తీసినవాళ్లకు ఏమవుతుందో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2001 జులైలో రష్యన్ ప్రోగ్రామర్ డిమిత్రీ స్క్లియరోవ్ లాస్‌వెగాస్‌లో జరిగిన ఒక సదస్సులో అడోబీ ఈబుక్ తాళాల్లోని బలహీనతల గురించి మాట్లాడి, తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఎఫ్‌బీఐ పట్టుకుంది. అతను రాసిన ప్రోగ్రాం రష్యాలో చట్టబద్ధమే. చివరికి అతనిమీద కేసు వదిలేసి అతని కంపెనీ ఎల్కామ్‌సాఫ్ట్‌ను విచారించారు. 2002 డిసెంబర్‌లో జ్యూరీ నిర్దోషి అంది. అదే ఏడాది, 2001లోనే, సంగీత కంపెనీల తాళాల లోపాలు కనిపెట్టిన ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్‌కు, ఆ పరిశోధన పత్రం చదివితే కేసు తప్పదన్నట్టు లేఖ అందింది. ఆయన ఏప్రిల్‌లో వెనక్కి తగ్గి, కోర్టుకెళ్లి, ఆగస్టులో చదివారు.

అప్పటికి ఇంకా గొడవ పుస్తకాలు, పాటలు, సినిమాల చుట్టూనే ఉంది. ఆ తర్వాతే అసలు మలుపు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు కూడా కాపీరైట్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అన్నిట్లోకీ చొరబడింది. దాంతో చిప్ ఉన్న ప్రతి వస్తువూ 1201 కిందకు వచ్చి చేరింది. గ్యారేజ్ తలుపు రిమోట్ తయారుచేసే చాంబర్లేన్ కంపెనీ, తమ తలుపులను తెరిచే వేరే రిమోట్ అమ్మినందుకు పోటీ కంపెనీపై ఈ సెక్షన్ కింద దావా వేసింది. లెక్స్‌మార్క్ తన ప్రింటర్ల టోనర్ విషయంలో ఇదే చేసింది. 2004లో రెండు అప్పీలు కోర్టులు ఈ రెంటినీ తిప్పికొట్టాయి. కాపీరైట్ ఉల్లంఘనతో ఏ సంబంధమూ లేని తాళానికి ఈ చట్టం వర్తించదని చాంబర్లేన్ కేసులో అన్నారు. 2010లో ఇంకో అప్పీలు కోర్టు అలాంటి సంబంధమేమీ అక్కర్లేదంది. అంటే ఏ ప్రాంతంలో కేసు పడిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ట్రాక్టర్ల వ్యవహారం 2015 విచారణలో వచ్చింది. రిపేరు కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేర్ తెరవనివ్వండని రైతులు అడిగితే జాన్ డీర్ కంపెనీ ఇచ్చిన జవాబు చదవాల్సిందే. ట్రాక్టర్ కొన్నవాడికి అందులోని సాఫ్ట్‌వేర్ సొంతం కాదట, బండి ఉన్నన్నాళ్లూ నడుపుకోవడానికి లైసెన్స్ మాత్రమే ఉన్నట్టట. మినహాయింపు వచ్చింది, కానీ తాళం యజమానే స్వయంగా తీసుకోవాలి. మెకానిక్ చేత తీయించుకునే వీలు 2018 దాకా లేదు.

సెల్‌ఫోన్లదీ ఇదే వరస. వేరే నెట్‌వర్క్‌కు మార్చుకోవడానికి ఫోన్ అన్‌లాక్ చేసుకునే అనుమతి 2006లో దొరికింది. 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్లకు అది పోయింది. లక్షా 14 వేల మందికి పైగా వైట్‌హౌస్‌కు పిటిషన్ పెడితే, 2014 ఆగస్టులో చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేసి తిరిగి ఇప్పించాల్సి వచ్చింది.

హక్కుదారుల మాటా వినాలి. నెలకు ఇంత కట్టి వేల సినిమాలు చూసే సర్వీసులు, రెండు రోజుల అద్దెలు, లైబ్రరీ ఈబుక్ అరువులు తాళం లేకపోతే ఏ కంపెనీ ధైర్యం చేసి పెట్టేది కాదని వాళ్లంటారు. అందులో నిజముంది. తాళం ఉండొద్దని విమర్శకుల్లో కూడా ఎక్కువమంది అనరు. దొంగతనం చేయడానికి తీసినవాడినీ, తన బండి బాగుచేసుకోవడానికి తీసినవాడినీ చట్టం ఒకే గాటన కట్టడం ఎందుకన్నదే వాళ్ల ప్రశ్న. అలా కట్టకుండానూ రాయొచ్చు. భారత్ 2012 సవరణలో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే శిక్ష అంటుంది. ఆ తర్వాత 2018లో భారత్ జెనీవా ఒప్పందంలో చేరింది కూడా.

అమెరికాలో మాత్రం మూడేళ్ల తిరునాళ్లు సాగుతూనే ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో వెలువడిన తొమ్మిదో విడతలో, దుకాణాల్లో ఆహారం తయారుచేసే యంత్రాల రిపేరుకు అనుమతి దొరికింది. మాటిమాటికీ మొరాయించే ఐస్‌క్రీం మెషిన్ల పుణ్యమది. పాత వీడియో గేములను భద్రపరిచే లైబ్రరీలకు మాత్రం నిరాశే మిగిలింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. వాటిని పరిశోధకులు దూరం నుంచి చూసే వీలివ్వమని అడిగితే, గేముల కంపెనీల అభ్యంతరం తర్వాత కుదరదన్నారు. లైబ్రరీ తాళం తీసి గేమును బతికించుకోవచ్చు, కానీ దాన్ని ఆడి చూడాలంటే పరిశోధకుడు ఆ భవనానికే రావాలి. మళ్లీ అడగడానికి అవకాశం 2027 విడతలో.