‘మిక్స్‌లో చూసుకుందాం’ అనే ముందు: రాక్ ఆల్బమ్ రికార్డింగులో అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో రికార్డింగ్ ఇంజనీరుగా పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాను. నా చేతికి వచ్చేవాటిలో సినిమా పాటలు, భక్తి గీతాలే ఎక్కువైనా, ఏడాదికి రెండు మూడు రాక్ బ్యాండ్లు తమ మొదటి ఆల్బమ్ కోసం సొంత డబ్బు కూడబెట్టుకుని వస్తాయి. ఉద్యోగాలు చేసుకుంటూ, జీతంలోంచి నెలనెలా పక్కకు తీసిన ఆ డబ్బు వృథా అవుతుంటే చూడటం నాకు కష్టంగా ఉంటుంది. వాయించడం రాక వృథా అయ్యేది తక్కువ. ఆల్బమ్ ఎలా తయారవుతుందన్న విషయంలో విన్నవీ కన్నవీ కలిసి ఏర్పడిన నమ్మకాల వల్ల పోయేదే ఎక్కువ. మన సినిమా పాటలకు ఒక్కొక్కరు విడివిడిగా వచ్చి తమ భాగం వాయించి వెళ్లిపోవడం మామూలు కనుక, ఆ పద్ధతినే చూస్తూ పెరిగినవారికి నలుగురు కలిసి ఒక గదిలో వాయించే సంగీతానికి ముందస్తు పని ఎంత ఉంటుందో తెలియదు.

అపోహ: మంచి బ్యాండు అయితే ఒక్కరోజులో ఆల్బమ్ పూర్తి చేయగలదు. బీటిల్స్ చేసి చూపించారు.

వాస్తవం: 1963 ఫిబ్రవరి 11న లండన్‌లో, ఇప్పుడు అబ్బే రోడ్ అని పిలిచే ఈఎంఐ స్టూడియోలో, బీటిల్స్ ఒకే రోజున పది పాటలు రికార్డు చేసిన మాట నిజమే. వారి మొదటి ఆల్బమ్‌లోని పద్నాలుగు పాటల్లో మిగిలిన నాలుగు అప్పటికే సింగిల్స్‌గా, అంటే విడి రికార్డులుగా, వచ్చి ఉన్నాయి. వాడింది శబ్దాలను రెండు వరుసలుగా మాత్రమే విడదీసి నమోదు చేయగల రెండు ట్రాకుల యంత్రం. వారి గాయకుడు జాన్ లెనన్‌కు ఆ రోజు జలుబు. గొంతు చించుకుని పాడవలసిన పాటను అందుకే అన్నిటికంటే చివరికి ఉంచారు. అయితే ఈ కథ చెప్పేవారు అంతకుముందు జరిగినదాన్ని వదిలేస్తారు. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి, లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్బులో వందల సార్లు వాయించాక వారు ఆ స్టూడియోలో అడుగుపెట్టారు. నిర్మాత జార్జ్ మార్టిన్ మొదట కావెర్న్‌లోనే ఆ ఆల్బమ్ రికార్డు చేద్దామనుకున్నారంటే, ఆ పాటలు అప్పటికి ఎంత సిద్ధంగా ఉన్నాయో ఊహించుకోవచ్చు.

అదే బీటిల్స్ 1966 ఆగస్టులో కచేరీ యాత్రలు మానేసి, నవంబరులో మొదలుపెట్టిన ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌కు 1967 ఏప్రిల్ వరకు, సుమారు 700 గంటలు పట్టిందని లెక్క చెబుతారు. పాటలు స్టూడియోలోనే పుట్టి స్టూడియోలోనే పెరగడం అందుకు కారణం. కనుక నా దగ్గరికి వచ్చే బ్యాండును మొదట అడిగేది, పాట సిద్ధమై వస్తోందా, లేక ఇక్కడికి వచ్చాక సిద్ధం కావాలా అని. రెండోదైతే గంటల లెక్కన కట్టే అద్దె అంతా రిహార్సల్‌కే ఖర్చవుతుంది. రిహార్సల్ గదిలో ఒక మూల ఫోను పెట్టి రికార్డు చేసుకోండి. అందులో డ్రమ్స్, బేస్ గిటార్ కలిసి నడవకపోతే, ఖరీదైన మైకులు ఆ ఎడాన్ని మరింత స్పష్టంగా వినిపిస్తాయి.

అపోహ: ఇప్పుడు కొంచెం అటూఇటూగా ఉన్నా ఫరవాలేదు, తర్వాత మిక్స్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల పాడైనన్ని ఆల్బమ్‌లు ఇంకే కారణం వల్లా పాడై ఉండవని నా నమ్మకం. మిక్సింగ్ అంటే రికార్డయిన శబ్దాలకు వాటి వాటి చోటు చూపించడం. లేని శబ్దాన్ని పుట్టించడం దానివల్ల కాదు. డ్రమ్స్ సెట్టులో డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్మును, అంటే స్నేర్ డ్రమ్మునే తీసుకోండి. దాని అంచు చుట్టూ మామూలుగా ఎనిమిది లేదా పది మరలు ఉంటాయి. ఒక్కొక్క మర దగ్గర, అంచుకు రెండు వేళ్ల ఎడంలో పుల్లతో మెల్లగా తట్టుతూ, ఎక్కడ స్వరం కిందికి జారిందో విని, తాళంచెవితో పావు చుట్టు తిప్పి, మళ్లీ తట్టి వినాలి. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు రాయీ కొయ్యముక్కా పట్టుకుని అంచు చుట్టూ శ్రుతి సరిచూసుకోవడం మనకు తెలిసినదే. ఇదీ అలాంటి పనే. పై చర్మం అయ్యాక కింది చర్మం, ఆ తర్వాత దానికి ఆనుకుని ఉండే తీగలు. బేస్ గిటార్ ఏదో ఒక స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ తీగలు వాటంతట అవే జరజరమంటుంటే, డ్రమ్ము శ్రుతిని కాస్త మార్చాలి. ఇదంతా కలిపి ముప్పావు గంట పని.

మరో సంగతి. స్నేర్‌కు పైనొక మైకు, కిందొక మైకు పెడతారు. పుల్ల దెబ్బ పడగానే చర్మం పై మైకుకు దూరంగా, కింది మైకు వైపుకు కదులుతుంది కనుక రెండు మైకులలోనూ తరంగం ఎదురెదురు దిశల్లో నమోదవుతుంది. రెండిటినీ అలాగే కలిపితే స్నేర్ శబ్దంలోని బరువు మాయమై, డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఒక మైకు ధ్రువతను తిరగవేసే మీట నొక్కగానే ఆ బరువంతా తిరిగి వచ్చేస్తుంది. ఆ తేడాను ప్రతి డ్రమ్మర్‌కూ హెడ్‌ఫోన్లు పెట్టి వినిపిస్తాను. విన్నాక ఎవరూ తొందరపెట్టరు.

కొన్నేళ్ల కిందట ఒక బ్యాండు అరిగిపోయిన చర్మాలున్న కిట్‌తో వచ్చింది. కొత్తవి తెప్పిద్దామంటే రోజు పోతుందని వారు ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. చివరికి ఎనిమిది పాటల్లోనూ స్నేర్ దెబ్బలను వేరే డ్రమ్ము శబ్దాలతో ఒక్కొక్కటిగా మార్చవలసి వచ్చింది. ఆ కుర్రవాడు మెత్తగా కొట్టిన చిన్న దెబ్బల్లోని సొగసు అందులో పోయింది. నాకు ఆ ఆల్బమ్ వినాలంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అపోహ: పెద్ద డ్రమ్ శబ్దం కావాలంటే చాలా మైకులు, అవీ ఖరీదైనవి కావాలి.

వాస్తవం: 1971లో వెలువడిన లెడ్ జెప్పెలిన్ బ్యాండు నాలుగో ఆల్బమ్‌లోని చివరి పాట డ్రమ్స్‌ను ఇప్పటికీ ఇంజనీర్లు ఆదర్శంగా చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింది హాలులో డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టించి, ఇంజనీరు ఆండీ జాన్స్ పైన మెట్ల మీది నుంచి రెండు మైకులు వేలాడదీశారు. ఆ శబ్దానికి దాని హెచ్చుతగ్గులను దగ్గర చేసే కంప్రెషన్‌నూ ఎకో యంత్రాన్నీ కూడా జోడించిన మాట నిజమే గానీ, దాని పెద్దరికమంతా ఆ ఎత్తయిన గదిదీ, ఆ మనిషి చేతులదీ. మన దగ్గర రిహార్సల్ గదులు చాలావరకు తక్కువ ఎత్తు పైకప్పు, టైల్స్ నేల ఉన్నవే. వాటి గోడలకు పల్చని ఫోమ్ అతికిస్తే పైస్థాయి శబ్దాలు మాత్రమే అణగి, కింది స్థాయి హోరు అలాగే మిగులుతుంది. అలాంటి గదిలో పన్నెండు మైకులు పెడితే ఆ హోరును పన్నెండు చోట్ల నుంచి రికార్డు చేసినట్టే. మీటరు దూరానికి శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక, పెట్టిన ప్రతి మైకూ తనదైన ఆలస్యాన్ని వెంట తెస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. ఒక్కరోజుకైనా మంచి హాలు అద్దెకు తీసుకుని డ్రమ్స్ అక్కడ ముగించుకొమ్మని, మిగతావి ఇంట్లో చేసుకొమ్మని నేను సలహా ఇస్తాను.

అపోహ: గిటార్‌కు డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్టు) ఎంత పెంచితే పాట అంత బరువెక్కుతుంది.

వాస్తవం: డిస్టార్షన్ పెరిగేకొద్దీ మీటు దెబ్బకూ ఆ తర్వాతి మోతకూ మధ్య తేడా తగ్గిపోయి, గిటార్ ఒక ఎడతెగని రొదగా మారుతుంది. వేదిక మీద పెట్టుకునే దానికన్నా కాస్త తగ్గించి, అదే భాగాన్ని రెండుసార్లు విడిగా వాయించి, ఒకటి ఎడమకూ మరొకటి కుడికీ పెడితే వచ్చే వెడల్పు వేరు. ఒకసారి వాయించినదాన్నే నకలు తీసి రెండు వైపులా పెడితే ఆ వెడల్పు రాదు. రెండూ అచ్చంగా ఒకటే కనుక చెవికి మధ్యలోనే వినిపిస్తాయి. రెండుసార్లు వాయించినప్పుడు మనిషి చేతిలో దొర్లే చిన్న చిన్న తేడాలే ఆ విశాలతకు మూలం.

గాత్రం విషయంలోనూ ఇంతే. 1991 మేలో లాస్ ఏంజలస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో నిర్వాణా బ్యాండు ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ రికార్డు చేస్తున్నప్పుడు, ఒకే వరుసను రెండోసారి పాడి కలపడం కృత్రిమమని గాయకుడు కర్ట్ కొబేన్ ఇష్టపడలేదు. జాన్ లెనన్ కూడా అలాగే చేశాడని నిర్మాత బుచ్ విగ్ చెప్పాకనే ఒప్పుకున్నాడు. ఆ లెనన్‌కేమో మళ్లీ మళ్లీ పాడటం విసుగు. ఆయన కోసమే ఈఎంఐ ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ 1966లో రెండో టేపు యంత్రంతో ఒకే గాత్రాన్ని రెండుగా వినిపించే పద్ధతి కనిపెట్టారు.

అపోహ: హెడ్‌ఫోన్లలో లయ కోసం టక్‌టక్‌మని వినిపించే క్లిక్‌తో వాయిస్తే పాటలో ప్రాణం పోతుంది.

వాస్తవం: క్లిక్‌తో సాధన చేయని బ్యాండు విషయంలో ఇది నిజం, చేసినదాని విషయంలో కాదు. అలవాటు లేకపోతే వాడకండి.

అపోహ: మాస్టరింగులో, అంటే మిక్స్ అయ్యాక విడుదలకు ముందు చేసే చివరి మెరుగులో, అందరికంటే బిగ్గరగా చేయించుకుంటే మన పాటే ముందు వినిపిస్తుంది.

వాస్తవం: డిజిటల్ ధ్వనికి దాటరాని ఒక పైహద్దు ఉంటుంది. ఆ హద్దు కిందే అంతా బిగ్గరగా ఉండాలంటే మెత్తని చోట్లను పైకి లేపి, డ్రమ్ము దెబ్బల శిఖరాలను కోసివేయాలి. 2008లో మెటాలికా బ్యాండు ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ ఇలాగే నలిగిపోయిందని వేలమంది అభిమానులు మళ్లీ మిక్స్ చేయాలంటూ సంతకాలు చేశారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో అంత నలగకుండా వినిపించడంతో వారికి తేడా తెలిసింది. పైగా నేడు స్పాటిఫై వంటి సేవలు మామూలు అమరికలో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) అనే స్థాయికి దగ్గరగా తెచ్చి వినిపిస్తాయి. బిగ్గరగా చేసి పంపిన పాటను అవి తగ్గిస్తాయి. కోసిన శిఖరాలు మాత్రం తిరిగి రావు.

అపోహ: తెలుగు మాటలు రాక్ సంగీతంలో ఇమడవు.

వాస్తవం: మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక, వరుస చివర గొంతు చాచి పాడటానికి తెలుగు ఎంతో అనువైన భాష. చిక్కంతా హ్రస్వ దీర్ఘాల దగ్గరే వస్తుంది. ఇంగ్లీషు బాణీలు వింటూ కట్టిన వరుసల్లో బలమైన దెబ్బ పడే చోట అచ్చును సాగదీస్తారు. అక్కడ హ్రస్వం ఉంటే మాటే మారిపోతుంది. మొన్న ఒక అమ్మాయి “వాన పడింది” అన్న మాటను ఎన్ని టేకులు పాడినా “వాన పాడింది” అనే వినిపించింది. ఆమె ఉచ్చారణలో ఏ లోపమూ లేదు. దెబ్బ సరిగ్గా ‘ప’ మీద పడుతోంది. డ్రమ్మర్‌ను కూడా పిలిచి కూర్చోబెట్టుకుని, ఆ మాటను అర మాత్ర ముందుకు జరిపి, దెబ్బ ‘డిం’ మీద పడేలా వరుస మార్చాము. రెండో టేకుకే వాన పడింది.