ఆవకాయ సీసా మీద తేదీ ఎటు పోయింది?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక పాఠకురాలు రాజమండ్రి నుంచి అడిగారు: "సీసాల మీద లేబుళ్లు అలాగే ఉంటున్నాయి, వాటి మీద తయారీ తేదీ మాత్రం మాయమైపోతోంది. ప్రింటర్ పాడైందా? ఇంకు మార్చాలా?"

ప్రింటర్ బాగానే ఉంది. మార్చడానికి అందులో ఇంకు అనేదే లేదు. ఏటీఎం రసీదులాగే ఇది కూడా డైరెక్ట్ థర్మల్ పద్ధతి. రంగంతా కాగితంలోనే ఉంటుంది. ప్రింటర్ హెడ్‌లో మిల్లీమీటరుకు 8 చొప్పున వేడెక్కే చుక్కలు వరసగా ఉంటాయి, వేడి తగిలిన చోట కాగితం నల్లబడుతుంది. యంత్రం గురించి ఇంత తెలిస్తే చాలు. అసలు అద్భుతం కాగితం మీది పూతలో ఉంది.

ఆ పూతలో ల్యూకో డై అనే రంగులేని పదార్థం, డెవలపర్ అనే బలహీనమైన ఆమ్లం విడివిడి రేణువులుగా పక్కపక్కనే ఉంటాయి. వేడికి కరిగి కలిశాయంటే రంగు పుడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు చూశారుగా? పసుపు నీళ్లలో సున్నం కలపగానే ఎర్రబడతాయి. అందులో మంత్రమేమీ లేదు, పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలి రూపు మార్చుకుంటుంది, అంతే. అవే నీళ్లలో నిమ్మకాయ పిండండి, మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. ఈ రెండో సగాన్ని పిల్లలకు తప్పకుండా చూపించాలి. రంగు ఎలా వచ్చిందో అలాగే వెనక్కి పోగలదని అప్పుడే అర్థమవుతుంది. థర్మల్ కాగితంలో క్షారం బదులు ఆమ్లం పనిచేస్తుంది, కానీ వెనక్కి పోయే గుణం అక్కడా ఉంది.

అణువు లోపలికి వెళ్దాం. ల్యూకో డైలలో ఒకటైన క్రిస్టల్ వయొలెట్ లాక్టోన్‌నే తీసుకుంటే, నడిమి కార్బన్ నాలుగు ఏకబంధాలతో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న మూడు బెంజీన్ వలయాలకూ ఒకదానితో ఒకటి ఎలక్ట్రాన్ల పొత్తు ఉండదు. అందుకే అణువు అతినీలలోహిత కాంతినే పీల్చుకుంటుంది, మన కంటికి రంగు కనబడదు. డెవలపర్ నుంచి ప్రోటాన్ అందగానే, నడిమి కార్బన్‌ను ఒక ఆక్సిజన్‌తో కలిపి ఉంచే లాక్టోన్ వలయం తెరుచుకుంటుంది. నడిమి కార్బన్ చదునవుతుంది, ఎలక్ట్రాన్లు వలయాలన్నిటి మీదా పరుచుకుంటాయి, ముదురు నీలం కనబడుతుంది. నల్ల రంగుకు వాడే ఫ్లోరాన్ డైలలోనూ తెరుచుకునేది ఇలాంటి వలయమే. ఇంటర్ ల్యాబ్‌లో టైట్రేషన్‌కు వాడిన ఫినాఫ్తలీన్‌లో కూడా లాక్టోన్ వలయం ఉంది! ఆ సంగతి అప్పుడే చెబితే ఎంతమంది పిల్లలకు కెమిస్ట్రీ మీద ఇష్టం పుట్టేదో.

ఇప్పుడు ఆవకాయ. సీసా మూత దగ్గర కారిన నూనె పూతలోకి ఇంకి, డైని డెవలపర్ నుంచి విడదీస్తుంది. వలయం మూసుకుంటుంది, తేదీ పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలోని ప్లాస్టిసైజర్లు, అంటే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనాలు, చేసేదీ ఇదే పని. రసీదు పదిలంగా ఉండాలని లామినేషన్ చేయిస్తే ఇంకో ఇబ్బంది, ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. డెవలపర్‌గా వాడే బిస్ఫినాల్-ఎ హార్మోన్ల పనికి అడ్డు వస్తుంది కాబట్టి, థర్మల్ కాగితంలో అది బరువులో 0.02 శాతానికి చేరకూడదని యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి కట్టడి చేసింది.

లేబుళ్లు అచ్చువేసే రెండో పద్ధతి థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో హెడ్‌కూ లేబుల్‌కూ మధ్య సన్నని పాలిస్టర్ రిబ్బన్ నడుస్తుంది. దాని మీది నల్లపూత కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. ఆ నలుపు కార్బన్, అంటే మసి. అక్కడ తెరుచుకునే వలయం లేదు కాబట్టి మూసుకునేదీ లేదు. అయితే ఆ మసిని పట్టి ఉంచేది ఏమిటన్నది ముఖ్యం. వ్యాక్స్, అంటే మైనం, రిబ్బన్ చవక, కానీ నూనె చేత్తో రుద్దితే అలుక్కుపోతుంది. రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం, రిబ్బన్‌కు ఎక్కువ వేడి కావాలి, ఖర్చూ ఎక్కువే, అయినా నూనెకు నిలబడుతుంది.

కాబట్టి పచ్చళ్ల సీసాకు నా సలహా ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్, దానికి సరిపడే రెజిన్ రిబ్బన్. లేబుల్ మీది వివరాలు చెరిగిపోకూడదని ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి, ఇక్కడ పొదుపు చూడకండి. అదే కొరియర్ పార్సిల్‌కైతే డైరెక్ట్ థర్మల్ చాలు, నాలుగు రోజుల్లో దాని పని అయిపోతుంది. దుకాణంలో లేబుల్ ఏ రకమో తెలియకపోతే గోరుతో గట్టిగా గీయండి. గీత నల్లగా పడితే అది డైరెక్ట్ థర్మల్.

రిబ్బన్ వాడేవాళ్లకు ఇంకో మాట. అచ్చయిన ప్రతి అక్షరం వాడేసిన రిబ్బన్ మీద ఖాళీగా, చదవడానికి వీలుగా మిగిలిపోతుంది. కొనేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అచ్చువేసి ఉంటే దాన్ని ముక్కలు చేశాకే చెత్తలో వేయండి.