కొల్లేరు సరస్సు హద్దు గీసే ఐదో కాంటూరు మీద గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

కొల్లేటికోట వైపు ఒక పాత కథ చెబుతారు. ఒడిశా గజపతి రాజుల కోట కొల్లేటి మధ్యలో ఉండేదట, చుట్టూ నీళ్లు కాబట్టి శత్రువులకి చేతికి చిక్కలేదట. దాంతో చిగురుకోట దగ్గర దిగిన శత్రు సేనాని, నీళ్లన్నీ సముద్రంలోకి పోయేలా ఒక కాలువ తవ్వించాడని, అదే ఇప్పటి ఉప్పుటేరని అంటారు. జరిగిందో లేదో ఎవరికి తెలుసు. కానీ చూడండి, కొల్లేరు మీద మనకున్న పాత కథ కూడా దాన్ని ఎండగట్టడం గురించే.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు వచ్చి ఇందులో పడతాయి, బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి, అదీ మెలికలు తిరుగుతూ 60 కిలోమీటర్ల దాకా పోయి సముద్రంలో కలుస్తుంది. అందుకే వానాకాలంలో కొల్లేరు ఉబ్బుతుంది, ఎండాకాలంలో లోపలికి పోతుంది. లంక గ్రామాల వాళ్లు ఆ లెక్కకి తగ్గట్టే బతికారు. నీళ్లున్నప్పుడు దోనె, వల, కొర్రమీను; నీళ్లు వెనక్కి పోతే ఆ బురదలోనే దాళ్వా వరి. గట్టు ఎక్కడుంది అని అడిగితే ఏ నెలలో అని ఎదురు అడగాల్సిన సరస్సు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టా అన్నపూర్ణ అయింది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ పొలాల్లో వాడగా మిగిలిన నీళ్లు మురుగు కాలువల్లో దిగి కొల్లేటికే వస్తాయి కదా, వాటితో పాటు ఒండ్రు, తర్వాతి రోజుల్లో ఎరువులు, పురుగుమందులు, ఏలూరు మురుగు కూడా వచ్చి చేరాయి. గుర్రపుడెక్క అల్లుకుంది. వరదలకి వరి పోవడం మామూలైపోయింది.

1970ల మధ్యలో ప్రభుత్వం దీనికొక ఉపాయం ఆలోచించింది. వరి ఎలాగూ మునుగుతోంది కాబట్టి పేదలకి సొసైటీలు పెట్టించి, సరస్సు భూమిలోనే చేపల చెరువులు తవ్వుకోమంది. ఉద్దేశం మంచిదే. కానీ చేపల్లో డబ్బుందని తెలిశాక పెట్టుబడిదారులు దిగారు, సొసైటీ చెరువులు లీజులకి పోయాయి, సభ్యుడు తన చెరువు గట్టు మీదే కూలివాడయ్యాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో కీలకమైన మలుపు ఇదే, వలస పక్షుల కోసం కొల్లేరుని కాపాడాలని మాట్లాడేవాళ్లు దీన్ని చాలాసార్లు దాటేస్తారు.

ఆ చెరువుల్లో మేత వేయడం చూశారా? చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపుకుని, పడవ మీద చెరువు మధ్యకి పోయి, నీళ్లలో పాతిన కర్రలకి వరసగా కట్టేస్తారు. కాసేపటికి శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటుంటే సంచులు కదులుతుంటాయి. ఇలా పెరిగిన చేప ఐసులో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా పోతుంది. మరి చెరువుకి గట్టు కావాలి, గట్టు వేస్తే వరద నీటికి దారి ఉండదు.

1999లో జీవో 120తో సరస్సుని అభయారణ్యం చేశారు, ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లు. 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేర్చినప్పుడేమో పదో కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లు చూపించారు. ఒకే సరస్సుకి మూడేళ్లలో రెండు కొలతలు! పైగా ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ (సొంత పట్టా) భూములు కూడా ఉన్నాయి, వాటి యజమానులకి తేల్చి చెప్పినవాళ్లు లేరు.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు దిగి అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేశాయి. లీజుదారుడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు, కూలివాడు వలసపోయాడు. 2008లో, అదే ప్రభుత్వ హయాంలో, ఐదో కాంటూరుని మూడుకి తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. మూడంటే 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దని చెప్పింది. అప్పట్నుంచి ఏ ఎన్నికలొచ్చినా ఆ వైపు మైకులో 'కాంటూరు' మాట వినబడాల్సిందే, ఈలోపు కొట్టేసిన గట్లలో చాలావరకు మళ్లీ లేచాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచినప్పుడు టీవీల్లో అందరం సింగ్‌నగర్ చూశాం. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. బెజవాడలో నీళ్లు తీస్తున్న రోజుల్లో ఇక్కడ లంక గ్రామాల్లోకి ఎక్కుతున్నాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీంచి పారుతున్నాయి. ఆ నీళ్లు సముద్రం వైపు పోదామంటే ఉప్పుటేరు పూడిపోయి ఉంది.